పెద్దాయన, కొత్తల్లుడు, మా బావ

మా బావ జీవితంలో ఇద్దరికే మర్యాద ఇచ్చాడు. ఒకరు వాళ్ళ నాన్న. రెండోది తన చైన్ రంపం. దాన్ని పట్టుకుని "అది" అంటే ఊరుకోడు, "ఆయన" అనాలి. "పెద్దాయన లేచారు", "పెద్దాయనకి ఇవాళ కాస్త నలతగా ఉంది", "పెద్దాయన ఆయిల్ తాగి పడుకున్నారు" అంటూ ఉంటాడు రోజంతా. ఆ వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ ఇవన్నీ గోడ అవతలినుంచి విని, ముసలాయన ఎవరో మంచాన పడ్డారు పాపం అనుకుని పళ్ళు తీసుకుని పలకరించడానికి వచ్చింది. మా అక్క ఆవిడని పెరట్లోకి తీసుకెళ్ళి గోనెసంచి మీద పడుకున్న పెద్దాయన్ని చూపించింది. పళ్ళు బావ తిన్నాడు.

గోడ అవతలికి వినబడటం వింతేమీ కాదు. ముప్పై ఏళ్ళు ఆ మోత పక్కన బతికిన బావకి చెవులు సగమే పనిచేస్తాయి. అందుకని తను అరుస్తాడు, అతనికి వినబడాలని అక్క అరుస్తుంది. వాళ్ళు ముద్దుగా మాట్లాడుకున్నా బయటివాళ్ళకి పోట్లాటలాగే ఉంటుంది. కూరలో ఉప్పెక్కువైతే వీధి చివర మందుల షాపులో కూడా తెలుస్తుంది.

బావది చెట్లు కోసే పని. గాలివానకి రోడ్డుకి అడ్డంగా పడ్డవీ, ఇళ్ళ కప్పుల మీదికి వంగినవీ, కలప మిల్లుకి దుంగలుగా వెళ్ళాల్సినవీ అన్నీ కోస్తాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర గొడ్డలితో మొదలుపెట్టాడు. ఆ కాంట్రాక్టరు నడుం నొప్పితో పని మానేస్తూ, తన రంపాన్ని బావ చేతిలో పెట్టి "జాగ్రత్తగా చూసుకో" అన్నాడట. ఆ మరుసటి ఏడే మా నాన్న మా అక్కని అప్పగిస్తూ సరిగ్గా అదే మాట అన్నాడు. రెంటిలో బావ దేన్ని ఎక్కువ పట్టించుకున్నాడన్నది అక్క ఇప్పటికీ నెలకోసారి లేవనెత్తే విషయం. పెద్దాయన బరువు పదకొండు కిలోలు. వాళ్ళ కూతురు పుట్టినప్పుడు మూడు కిలోలు. అయినా పిల్ల ఏడిస్తే మాత్రం "చేతులు నొప్పి" అనేవాడు.

ఇక నా సంగతి. నాకు ఇంజన్లు బాగుచేసే షాపుంది. నీళ్ళ మోటార్లు, జనరేటర్లు, రంపాలు, ఏది తెచ్చినా విప్పుతాను. ఇరవై రెండేళ్ళుగా పెద్దాయన్ని బతికిస్తున్నది నేనే. ఆ రంపం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, విడిభాగాలు ఎక్కడా దొరకవు. పిస్టన్ రింగులు వేరే ఇంజనువి అరగదీసి వేశాను, అతుకుల మధ్య వేసే గాస్కెట్లు అట్టపెట్టెల్లోంచి కత్తిరించాను. "నీ చేతిలో ఏదో ఉంది బామ్మర్దీ" అని బావ పదిమందిలో అంటుంటే నాకు కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

కిందటి చలికాలంలో బావ వారం తిరక్కుండా మూడు గాజు గ్లాసులు పగలగొట్టాడు. "ఈమధ్య గ్లాసులు మరీ నున్నగా చేస్తున్నారు" అన్నాడు. అక్క స్టీలు గ్లాసు ఇచ్చింది. అదీ జారింది. పగల్లేదు గానీ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. "నేల వాలుగా ఉంది" అన్నాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టడం మొదలైంది. "గుండీలు చిన్నవి" అన్నాడు. ఆ చొక్కా కుట్టింది అక్క. ముందుగదిలో మిషన్ పెట్టుకుని ఆ వీధికంతా బట్టలు కుట్టే మనిషి. గ్లాసుల్ని అన్నప్పుడు ఊరుకుంది, నేలని అన్నప్పుడూ ఊరుకుంది, తన గుండీల్ని అనేసరికి ఒంటికాలి మీద లేచింది. చేతులు లాక్కుని చూస్తే వేళ్ళ చివర్లు సున్నం అద్దినట్టు తెల్లగా ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బావ లోపలికి ఒక్కడే వెళ్ళి, బయటికొచ్చి "ఉప్పు తగ్గించమన్నాడు" అన్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర ఆ అబద్ధం చెల్లుతుందా. అక్క తిన్నగా లోపలికి వెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చుంది. ఆయన చెప్పింది ఇది: ఏళ్ళ తరబడి రంపం అదురుకి వేళ్ళలో నరాలూ రక్తనాళాలూ దెబ్బతిన్నాయి. ఆ రంపాన్ని ఇప్పుడైనా పక్కన పెడితే ఉన్న స్పర్శ నిలబడొచ్చు, కొంత తిరిగి రావచ్చు కూడా. పెట్టకపోతే మిగిలింది పోతుంది, పోయింది ఇక రాదు. పని మానలేకపోతే అదురు తక్కువుండే రంపం వాడాలి, అదీ రోజుకి కాసేపే.

అక్క అటునుంచి అటే నా షాపుకొచ్చి ఇదంతా చెప్పింది. పెద్దాయన హ్యాండిల్ ఇంజనుకే బిగించి ఉంటుంది. మధ్యలో రబ్బరు ముక్క గానీ స్ప్రింగు గానీ ఉండదు, ఇంజను ఎంత అదిరితే చెయ్యి అంత అదరాల్సిందే. ఆ సంగతి నాకు తెలియకపోవడమేమిటి, ఆ బోల్టులు బిగించిందే నేను. ఆగిపోయిన ప్రతిసారీ దాన్ని లేపి మళ్ళీ బావ చేతుల్లో పెట్టాను. ఒక మెచ్చుకోలు కోసం ఇరవై రెండేళ్ళపాటు ఆ వేళ్ళని పాడుచేసింది నేనే. నోటి దురుసువాణ్ణని నాకు పేరుంది గానీ, ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నంతగా ఇంకెవర్నీ తిట్టలేదు.

"ఇంకోసారి దాన్ని బాగుచేశావంటే నీతో మాట్లాడను" అంది అక్క.

"చెయ్యను."

"చెయ్యకపోతే చాలదు. పాడుచెయ్యి."

సర్వీసు చేస్తానని పెద్దాయన్ని తెప్పించి, ప్లగ్గు తీగ ఊడదీసి, కార్బురేటర్లో ముక్క పోయింది తెప్పించాలి అని చెప్పి బల్ల కింద పెట్టాను. బావ రోజూ పొద్దున్నే పరామర్శకి వచ్చేవాడు. స్టూలు లాక్కుని బల్ల పక్కన కూర్చుని "ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు, నన్ను కాదు. నాలుగో రోజు నేను టీ తాగి వచ్చేసరికి షాపంతా నీలం పొగ. పొగ మధ్యలో బావ, బావ చేతుల్లో దడదడలాడుతూ పెద్దాయన. జనరేటరు కోసం వచ్చిన పెద్దమనిషి కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. "ముక్కా లేదు గిక్కా లేదు, తీగ ఊడింది, అంతే. నీకు చూపు తగ్గుతోంది బామ్మర్దీ" అని బావ ఆ మోతలో అరిచాడు.

మోసం అచ్చిరాలేదని తేలాక, అక్క నాచేత కొత్త రంపం తెప్పించింది. ఆరు కిలోలు. హ్యాండిల్‌కీ ఇంజనుకీ మధ్య స్ప్రింగులు. నారింజ రంగులో నిగనిగలాడుతోంది. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "కొత్తల్లుడిలా ఉన్నాడు. రంగు బాగుంది, మాట మెత్తన. పని చెబితే ఏమంటాడో చూడాలి" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది. నిజం చెప్పొద్దూ, అలకలు కూడా అల్లుడివే. పెట్రోలు తాజాగా ఉండాలి, ఆయిల్ కొలత ప్రకారం కలపాలి, ఫిల్టర్ మీద దుమ్ము కనపడకూడదు. పెద్దాయనైతే ఏది పోసినా తాగేవారు.

"పోటీ పెడదాం" అన్నాడు బావ. "గెలిచినవాళ్ళు నాతో వస్తారు. ఓడినవాళ్ళు ఇంట్లో ఉంటారు. ఇక మాట తిరుగుడు లేదు."

అక్క సరే అంది. మాటిస్తే బావ తప్పడు, అది అతని మంచి గుణం. మాకు భయం కూడా ఆ గుణంతోనే. కొత్తల్లుడు గెలిస్తే బావ వేళ్ళు మిగులుతాయి. పెద్దాయన గెలిస్తే ఇక అక్క నోరెత్తడానికి లేదు, వేళ్ళమీద ఆశ వదులుకోవలసిందే.

ఆ వారమంతా నేను బావకి పాఠం చెప్పాను. పెద్దాయనది పాతకాలపు ఇంజను. సిలిండరు పెద్దది, తిరగడం నిదానం, కానీ తిప్పే బలం ఎక్కువ. చదువుకున్నవాళ్ళు దాన్ని టార్క్ అంటారు, బావ "పట్టు" అంటాడు. చెక్కలో దింపి ఒళ్ళంతా వేసి నొక్కినా గురగురమంటుందే తప్ప ఆగదు. కొత్తదాని పద్ధతి వేరు. దాని బలమంతా వేగంలో ఉంది. పెద్దాయన నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరిగితే అది పదమూడు వేలు తిరుగుతుంది. గొలుసు మీది ఒక్కో పన్ను తీసే చెక్క కొంచెమే, కానీ ఆ కొంచెం మరిన్నిసార్లు తీస్తుంది. దాన్ని దాని మానాన తిరగనివ్వాలి. నొక్కితే వేగం పడిపోతుంది, వేగం పడిపోతే దాని దగ్గర ఇంకేమీ లేదు, గొలుసు నిలబడిపోతుంది.

"అర్థమైందా బావా? నొక్కకూడదు."

"ఆ. తొక్కను" అన్నాడు బావ.

"నొక్కకూడదు."

"అదే, నేనూ అదే అంటున్నా."

సెలవు రోజున కలప మిల్లు వెనక ఆవరణలో చేరాం. రెండు జానల పైన మందమున్న దుంగ ఒకటి దిమ్మెల మీద పెట్టి ఉంది. దాంట్లోంచి ఒక్కో రంపం ఒక్కో బిళ్ళ కోయాలి. ఫోన్‌లో టైము చూసే పని అక్కది. బావ ఒంటికి పట్టిన నీలం చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. తమాషాకి కాదు, తన మనిషి గెలుస్తాడన్న ధీమాతో.

ముందు పెద్దాయన. బావ తాడు లాగాడు, దగ్గారు, మళ్ళీ లాగాడు, లేచారు. దుంగ మీద దింపి, బావ మోచేతులు బిగించి భుజాల బరువంతా వేశాడు. మిల్లు రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి. బిళ్ళ కింద పడింది. "ముప్పై తొమ్మిది సెకన్లు" అని అక్క అరిచింది. బావ వినబడనట్టు మూడుసార్లు చెప్పించుకున్నాడు.

తర్వాత కొత్తల్లుడు. ఒక్క లాగుకే లేచాడు. సన్నగా, ఈల వేసినట్టు మోత. బావ దింపాడు, ఒళ్ళంతా వేసి నొక్కాడు. గొలుసు ఆగిపోయింది. తీశాడు, దింపాడు, నొక్కాడు, ఆగిపోయింది. నేను "నొక్కకు" అని అరుస్తూనే ఉన్నాను, బావ తలాడిస్తూ నొక్కుతూనే ఉన్నాడు. ఐదుసార్లు ఆగి, చివరికి బిళ్ళ పడేసరికి నిమిషం యాభై రెండు సెకన్లు.

"పట్టు లేదు" అని బావ తీర్పు చెప్పేశాడు. "అల్లుడుగారు కబుర్లకే."

నాకు ఒళ్ళు మండింది. కొత్తల్లుణ్ణి లాక్కుని నేను కోశాను. ముప్పై మూడు సెకన్లు. బావ ఒప్పుకోలేదు. "తెచ్చినవాడే నడిపితే చెల్లదు. నువ్వు ఇంజన్లవాడివి, లోపల ఏదో చేసుంటావు. ఏమీ తెలియనివాళ్ళు కోస్తే అప్పుడు ఒప్పుకుంటా" అన్నాడు.

"అయితే నేను కోస్తా" అంది అక్క.

బావ మొహంలో రంగు మారింది. వద్దన్నాడు. మాటిచ్చారుగా అంది అక్క. ఇక అతను తన హెల్మెట్ తీసి ఆమెకి పెట్టాడు. కళ్ళద్దాలు, చెవులకి మూతలు, మందపాటి పని ప్యాంటు, బూట్లు, అన్నీ తొడిగించాడు. బూట్లలో పాత గుడ్డలు కుక్కాల్సి వచ్చింది. కాళ్ళు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ నిలబడకూడదు, రంపం వెనక్కి ఎగిరితే బ్రేకు ఎలా పడుతుంది అంటూ ఇరవై నిమిషాలు చెప్పాడు. తను పెద్దాయన పక్కన బూట్లు లేకుండా పనిచేసిన రోజులు లెక్కలేనన్ని. ఆమె దగ్గరికి వచ్చేసరికి ప్రతి బకిలూ రెండేసి సార్లు లాగి చూశాడు. ఆ వేళ్ళకి బకిలు బిగువు తెలిసేలా లేదు, నేను కూడా వెనకనుంచి చూశాను.

అక్క రంపాన్ని దుంగ మీద ఆనించింది, అంతే. నొక్కలేదు. కొత్తల్లుడు ఈల వేసుకుంటూ దిగిపోయాడు. బిళ్ళ దొర్లుకుంటూ వచ్చి బావ కాళ్ళ దగ్గర పడింది. ఈసారి టైము చూసింది నేను. ముప్పై ఐదు సెకన్లు. ముప్పై ఏళ్ళ అనుభవమున్న పెద్దాయన కంటే, పుట్టి బుద్ధెరిగాక రంపం ముట్టని మా అక్క నాలుగు సెకన్లు ముందుంది.

"ఇందులో ఏముందండీ" అంది హెల్మెట్ తీస్తూ. "మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు మేం గుడ్డని తోస్తామా? పట్టుకుంటే చాలు, అదే లాక్కుంటుంది. తోస్తే సూది విరుగుతుంది."

నేను ఊరుకోవలసింది. నా నోరు ఊరుకోదు. "చూశావా బావా? వారం రోజులు చెవిలో జోరీగలా చెప్పాను. మొద్దు మాను ఐదడుగుల మందం ఉంటే పెద్దాయనే మేలు, కాదనను, అలాంటిది నీకు ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. మిగతా పనికంతా ఇదే వేగం. ఒక్కటే చెప్పాను, నొక్కొద్దని. అక్క నొక్కలేదు, కోసింది. నీకు నొక్కకుండా ఉండటానికి ఏం రోగం?"

"నొక్కుతున్నానో లేదో నాకు తెలిస్తే కదరా" అన్నాడు బావ.

అరవకుండా మాట్లాడటం అతని నోట నేను విన్నది అదే మొదటిసారి. దుంగ మీద కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. "వీడు అదరడు. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఉన్నాడా జారిపోయాడా అని నొక్కి చూసుకుంటున్నా. పెద్దాయన్ని పట్టుకుంటే మోచేతుల దాకా అదురు వస్తుంది. అప్పుడే నాకు చేతులున్నట్టు తెలుస్తుంది. మిగతా టైములో అవి ఎవరివో అన్నట్టు ఉంటాయి."

వారం రోజులు నేను టార్క్ గురించి చెప్పాను, చుట్ల లెక్క చెప్పాను. మనిషిని ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

అక్క వచ్చి అతని పక్కన కూర్చుంది. అతని కుడిచెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "ఇప్పుడు తెలుస్తోందా?" అని అరిచింది. అరవకపోతే వినబడదు.

బావ కాసేపు చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మానుకున్నాడు. "చూస్తే తెలుస్తోంది. చూడకపోతే లేదు" అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదింది. తర్వాత ఆమెలోని దర్జీ లేచింది. "చూస్తే తెలుస్తోందిగా. మరి చూసి కొయ్యండి. ముప్పై ఏళ్ళుగా మీ జేబుల్లోంచి రంపపు పొట్టు దులుపుతున్నా. పని బాగా సాగిన రోజు రేకులు రేకులుగా ఉంటుంది. మీరు బలవంతం చేసిన రోజు పిండిలా ఉంటుంది. ఇక చేతుల సంగతి వదిలెయ్యండి, పొట్టు వంక చూడండి" అంది.

బావ లేచాడు. కొత్తల్లుణ్ణి పట్టుకుని దుంగ మీద ఆనించి, కింద పడే పొట్టు వంక పరీక్ష రాసేవాడిలా చూస్తూ కోశాడు. పిండి రాలితే సడలించాడు, రేకులు ఎగిరితే అలాగే ఉంచాడు. గొలుసు ఒక్కసారీ ఆగలేదు. ముప్పై నాలుగు సెకన్లు. అక్క కంటే ఒక సెకను తక్కువ. ఆ ఒక్క సెకను కోసం అతను పెళ్ళాం వంక చూసిన చూపు చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వయ్యాక మళ్ళీ వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. అక్క మళ్ళీ చెయ్యి పట్టుకుంది. బావ పెద్దాయన వంక చూసి, నాతో "విప్పెయ్" అన్నాడు. "ఇంట్లో అలాగే ఉంటే నేను ఆగలేను. పూర్తిగా విప్పెయ్."

సంచిలోంచి పానాలు తీసి మొదలుపెట్టాను. బావ అక్కడినుంచే ఒక్కో బోల్టుకీ చెబుతున్నాడు. "ఆ మూల మెల్లగా, అక్కడ ఆయనకి పాత దెబ్బ." "తాడు లాగి తెంపకు, గౌరవంగా చుట్టు." "ముందు మూత తియ్యి, మొహం చివర్లో." నేను అన్నీ అతను చెప్పినట్టే చేశాను. ఇరవై రెండేళ్ళలో బిగించిన బోల్టులన్నీ ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

సిలిండరు బయటికి వచ్చేసరికి బావ చూపు అక్కడే నిలిచిపోయింది. తల తిప్పకుండా అక్కని అడిగాడు, "వదిలేశావా?"

"లేదు. పట్టుకునే ఉన్నా" అని అక్క గట్టిగా అరిచింది.

"సరే" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. అక్క మళ్ళీ చెప్పింది. నేను ఆఖరి బోల్టు తీసేదాకా అతను అడుగుతూనే ఉన్నాడు, ఆమె చెబుతూనే ఉంది.